సగం కుట్టిన క్విల్టులు బీరువాలోకి ఎందుకు చేరుతున్నాయి?

హన్మకొండ_సూదీదారం
అందరికీ నమస్కారం. దసరాకు ఇల్లు సర్దుతూ ఎవరి బీరువా తెరిచినా మా కుట్టు బృందంలో ఇదే మాట వస్తున్నది. క్విల్టు అంటే గుడ్డముక్కలు అతికిన పైభాగం, నడుమ దూది పొర, కింద బట్ట మూడూ కలిపి కుట్టే దుప్పటి. ముక్కలు కత్తిరించి కవర్లో పెట్టినవి, బ్లాకులు (ముక్కలు అతికిన చదరాలు) కుట్టి వదిలేసినవి, పైభాగం మొత్తం అతికి మడతల్లో పడి ఉన్నవి. పూర్తయిన క్విల్టుల కంటే ఇవే ఎక్కువ. అమెరికాలో వీటిని యూఎఫ్ఓలు అంటారట, అన్‌ఫినిష్డ్ ఆబ్జెక్టులు అని. ప్రత్యేకంగా పేరే పెట్టుకున్నారంటే అక్కడ కూడా ఈ బాధ ఉన్నట్టే.

బద్ధకం, టైం లేదు అనే జవాబులు నాకు సరిపోవడం లేదు. మా వాళ్ళంతా ఇల్లు, ఉద్యోగం, పిల్లలను చూసుకుని రాత్రి పదింటికి కూడా మిషను ముందు కూర్చునేవాళ్ళే. కొత్తది మొదలుపెట్టడానికి టైం దొరుకుతున్నది, పాతదానికి దొరకడం లేదు. అందుకే అడుగుతున్నా: మీది సరిగ్గా ఏ పని దగ్గర ఆగింది? ముందు అది చెప్పండి. కారణాలు తర్వాత మాట్లాడుకుందాం.

పరకాల_వదిన
నాది, మా చెల్లెది, మా తోటికోడలిది, అందరివీ ఒకే చోట ఆగాయి. పైభాగం అయిపోయింది. కింద బట్ట, నడుమ బ్యాటింగ్ అనే దూది షీటు, మీద అతికిన ప్యాచ్‌వర్క్ పరిచి టాకాలు వేయాలె. అక్కడే!

డబుల్ కాట్ సైజు పరచాలంటే మా హాల్లో సోఫా జరపాలె, టీపాయి బయట పెట్టాలె, నేల తుడిచి ఆరబెట్టాలె. ఆ తర్వాత మోకాళ్ళ మీద పాకుకుంటూ టాకాలు వేయాలె. నడుమ చుట్టాలు వచ్చినా, పిల్లలు బడి నుంచి వచ్చినా మొత్తం తీసేయాలె. ముక్కలు అతకడం అట్ల కాదు కదా, అన్నం ఉడికేలోపు కూడా రెండు బ్లాకులు కుట్టుకోవచ్చు.

కాజీపేట_క్వార్టర్స్
నాది బ్యాటింగ్ దగ్గర ఆగింది అక్కా. ఎటు చూసినా పత్తి చేన్లు, ఏనుమాముల మార్కెట్ నిండా పత్తి బస్తాలు. కానీ షీటులాగా సాఫీగా పరుచుకునే కాటన్ బ్యాటింగ్ కోసం నేను వరంగల్‌లో అడగని బట్టల షాపు లేదు. ఉంటే పాలిస్టర్ దూది ఉంటుంది, లేదంటే పరుపులో నింపే దూది. ఆన్‌లైన్‌లో తెప్పిస్తే మనకు కావలసిన వెడల్పు రాదు. పైభాగం కుట్టేటప్పుడు ఉన్న ఉత్సాహం ఈ వెతుకులాటలో చల్లబడింది.

లెక్కలసారు_జనగామ
నేను రిటైరైన తర్వాత కుట్టడం మొదలుపెట్టిన మనిషిని. కాజీపేట మేడం చెప్పిన దానికి ఇంకొకటి కలుపుతాను. మనం పైభాగం బట్టకే లెక్క వేసుకుంటాం, కింద బట్ట లెక్క ఎవరూ ముందు వేయరు.

90 అంగుళాలు వెడల్పు, 100 అంగుళాలు పొడవు ఉన్న క్విల్టు తీసుకోండి. కింద బట్ట నాలుగు వైపులా నాలుగేసి అంగుళాలు ఎక్కువ ఉండాలి. అంటే 98 బై 108. మామూలు కాటన్ బట్ట పన్నా 44 అంగుళాలు, అంచులు తీసేస్తే 43 అనుకోండి. 98 అంగుళాల ముక్కలు మూడు కావాలి. మొత్తం 294 అంగుళాలు, దాదాపు ఏడున్నర మీటర్లు. మీటరు 150 రూపాయలు వేసుకున్నా 1,125 రూపాయలు. దాని పైన బ్యాటింగ్. దాని పైన బైండింగ్, అంటే అంచు చుట్టూ కట్టే పట్టీ: చుట్టుకొలత 380 అంగుళాలు, రెండున్నర అంగుళాల పట్టీలు పది, ఇంకో 65 సెంటీమీటర్ల బట్ట.

పైభాగం అయిపోగానే పని చివరికి వచ్చిందనుకుంటాం. నిజానికి అప్పటికి ఖర్చులోనూ శ్రమలోనూ సగం మిగిలే ఉంటుంది. నెలాఖరులో ఈ లెక్క ఎదురైతే ఎవరైనా మడతపెట్టి లోపల పెడతారు.

హన్మకొండ_సూదీదారం
సార్, ఇది మా బృందంలో అందరికీ చదివి వినిపిస్తాను. ఇప్పటివరకు వచ్చినవన్నీ పైభాగం తర్వాత ఆగినవే. అంతకు ముందే, బ్లాకుల దగ్గరే ఆగినవాళ్ళు ఎవరైనా ఉన్నారా?

కరీంనగర్_కుట్టుమిషను
ఉంటారు అక్కా. నేను టైలర్‌ను, క్విల్టు ముక్కలు పట్టుకుని నా దగ్గరికి వచ్చేవాళ్ళలో చాలామంది సమస్య అదే. బ్లాకులన్నీ కుట్టి పెడతారు, ఒకదాని పక్కన ఒకటి పెడితే కొలతలు కలవవు.

క్విల్టులో కుట్టు మార్జిన్ పావు అంగుళం. జాకెట్లు, లంగాలు కుట్టిన చేతికి అది చాలా చిన్నది. ప్రతి కుట్టులో అటు ఇటు అంగుళంలో పదహారో వంతు చొప్పున ఎక్కువ పోయిందనుకోండి, అంటే నాలుగైదు పోగుల మందం. ఒక్కో కుట్టుకు అంగుళంలో ఎనిమిదో వంతు తగ్గుతుంది. మూడు ముక్కల వరుసలో రెండు కుట్లు ఉంటాయి కాబట్టి బ్లాకు పావు అంగుళం తగ్గుతుంది. ఆరు ముక్కల వరుసలో అయిదు కుట్లు, బ్లాకు అరంగుళం దాటి తగ్గుతుంది. అన్నీ ఒకే డిజైను బ్లాకులైతే అన్నీ సమానంగా తగ్గుతాయి, ఎవరికీ తెలియదు. పది రకాల డిజైన్లు కలిపి కుట్టే శాంప్లర్ క్విల్టులోనే తేడా బయటపడుతుంది. అందుకే శాంప్లర్లు ఎక్కువగా ఆగుతాయి. కొత్తగా నేర్చుకునేవాళ్ళతో మొదట శాంప్లరే చేయిస్తారు, నాకు ఆ పద్ధతి నచ్చదు. ఒకే బ్లాకు ఇరవైసార్లు కుట్టించాలి.

నివారణ చెబుతాను. మూడు ముక్కలు, ఒక్కోటి రెండున్నర అంగుళాలు, వరుసగా కలిపి కుట్టండి. ఇస్త్రీ చేసి కొలిస్తే సరిగ్గా ఆరున్నర రావాలి. రాకపోతే మిషను పాదం పక్కన టేపు అంటించి ఆ గీత సరిచేసుకోండి. అది కుదిరాకే అసలు బట్ట కత్తిరించండి.

పరకాల_వదిన
అన్నా, ఇప్పటికే తక్కువ పడ్డ బ్లాకులను ఏం చేయాలె? విప్పాల్నా?

కరీంనగర్_కుట్టుమిషను
విప్పొద్దు వదినా. అన్నిటికంటే చిన్న బ్లాకును కొలవండి. దానితో సహా అన్నిటికీ చుట్టూ పట్టీ వేసి, అన్నిటినీ ఒకే సైజుకు కోసుకోండి. పట్టీ అన్నిటికీ ఒకే రంగుదైతే అది డిజైనులో భాగంగానే కనిపిస్తుంది.

కొత్తవాడ_మగ్గం
నేను క్విల్టులు కుట్టను. మాది దర్రీలు నేసే ఇల్లు, 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చిన వరంగల్ దర్రీలు మా వీధుల్లో నేసినవే. అయినా ఈ చర్చ చదువుతుంటే ఒకటి చెప్పాలనిపించింది.

మగ్గం మీద జంపఖానా సగంలో వదలడం కుదరదు. పడుగు బిగించి ఉంటుంది. ఇది నేసి కోసి దించితే తప్ప దాని తర్వాతది మొదలుకాదు. ఇంట్లో పెళ్ళయినా చావయినా నాలుగు రోజులు ఆగుతుంది, మళ్ళీ అదే మగ్గంలో కూర్చుని అదే పేక అందుకోవాలి. నేతగాడికి పట్టుదల ఎక్కువని కాదు, వేరే దారి లేదు. మీ పనిని మడతపెట్టి లోపల పెట్టొచ్చు, దాని జాగాలో ఇంకొకటి మొదలుపెట్టొచ్చు. ఆగిపోవడానికి ఆ వెసులుబాటే కారణమని నాకనిపిస్తుంది.

హన్మకొండ_సూదీదారం
అన్నా, ఇంత దగ్గర్లో ఉండి కూడా ఈ కోణం మాకెవరికీ తట్టలేదు.

నర్సంపేట_బొంత
అక్కా, నేను వేరేగా చెప్తా. మా అమ్మమ్మ, ఆమె అక్కచెల్లెళ్ళు ఊరందరికీ బొంతలు కుట్టేవాళ్ళు. సగం కుట్టిన బొంత నేను ఎన్నడూ చూడలేదు. వాళ్ళకు మనకంటే పని తక్కువేం లేదు. నాట్లు, కలుపు, పత్తి ఏరుడు అన్నీ చేసేవాళ్ళు. అయినా మొదలుపెట్టిన బొంత అయిపోయేది. ఎందుకో వాళ్ళు కుట్టే తీరు చూస్తే తెలుస్తుంది.

బొంత ఎండాకాలం పని. ఉగాది దాటి చేన్లల్లో పని తగ్గాక మొదలుపెట్టి, మృగశిర లోపల ముగించాలి. వానలు పడితే విత్తనాల పని మీద పడుతుంది, వాకిట్లో పరిచే వీలుండదు. ఇప్పుడు కాకపోతే వచ్చే ఎండాకాలమే. చలికాలంలో కప్పుకోవడానికి ఏమీ ఉండదు. ఇంట్లో కోడలికో బిడ్డకో కాన్పు ఉంటే ఆ గడువు ఇంకా దగ్గర.

పొద్దున నీడ ఉన్న వైపు వాకిలి ఊడ్చి, అడుగున ఒక పాత నూలు చీర పరుస్తారు. నాలుగు మూలల రాళ్ళు పెడతారు. దాని మీద చిరిగిన ధోతులు, లుంగీలు, చీర ముక్కలు, ఎక్కడ పలచగా ఉంటే అక్కడ ఇంకొకటి వేస్తారు. అన్నిటి మీద కొంచెం గట్టిగా ఉన్న చీర. ఇక కుట్టుడే. ఇద్దరో ముగ్గురో బొంత మీదనే కూర్చుని, అంచు నుంచి మొదలుపెట్టి చుట్టూ తిరుగుతూ నడిమికి వస్తారు. ఒకరు లేచిపోతే ఇంకొకరు వచ్చి ఆ సూది అందుకుంటారు. పక్కింటి ఆమె ముచ్చటకు వచ్చి కూర్చున్నా చేతికి సూది ఇస్తారు.

మీరు పైభాగం అయింది, పరచడం ఆగింది అంటున్నారు కదా. బొంతలో పరచడమే మొదటి పని. మూడు పొరలు కలవకుండా సూది పట్టేదే లేదు. ఎక్కడ ఆపినా, అప్పటివరకు కుట్టినంత మేర అది బొంతనే. డిజైను కలవలేదనే బాధ లేదు, కింద బట్ట కొనే ఖర్చు లేదు, ఎవరికి చూపించాలనే భయం లేదు. క్విల్టు ఆగేది ఒక పని నుంచి ఇంకో పనికి మారేటప్పుడే అని నాకు అర్థమైంది. కత్తిరించడం ఒక పని, అతకడం ఒకటి, పరచడం ఒకటి, పొరలన్నీ కలిపి కుట్టే క్విల్టింగ్ ఒకటి, అంచు కట్టడం ఒకటి. ఒక్కోదానికి వేరే సామాను, వేరే జాగా, వేరే నేర్పు కావాలి. బొంతకు మొదటి నుంచి చివరి దాకా ఒకటే పని.

సుబేదారి_లెక్చరర్
నర్సంపేట చెల్లె చెప్పింది చదివాక మా సబ్జెక్టులోవి రెండు మాటలు చెప్పాలనిపిస్తుంది. నేను సైకాలజీ చెబుతాను.

బ్లూమా జైగార్నిక్ అనే పరిశోధకురాలు బెర్లిన్‌లో కర్ట్ లెవిన్ అనే సైకాలజిస్టు దగ్గర పనిచేస్తూ 1927లో ఒక అధ్యయనం ప్రచురించారు. పూర్తి చేసిన పనుల కంటే మధ్యలో ఆపిన పనులు మనకు ఎక్కువ గుర్తుంటాయని ఆమె చెప్పారు. తర్వాత చేసిన ప్రయోగాల్లో అందరికీ అదే ఫలితం రాలేదు, కాబట్టి దాన్ని సూత్రంలాగా పట్టుకోవద్దు. కానీ అదే బృందంలోని మరియా ఒవ్స్యాంకినా మరుసటి ఏడాది చెప్పినది మనకు ఎక్కువ పనికొస్తుంది. మధ్యలో ఆపించిన పనిని, ఎవరూ అడగకుండానే, వీలు దొరకగానే జనం మళ్ళీ మొదలుపెడతారు. మన క్విల్టుకు ఆ వీలే లేకుండా చేస్తున్నాం. చేతికి అందే చోట ఉంటే మళ్ళీ పట్టుకుంటాం, బీరువా అడుగున ఉంటే ఎట్లా పట్టుకుంటాం? కొత్తవాడ అన్న చెప్పిన మగ్గం ఎప్పుడూ ఇంటి నడుమ కళ్ళ ముందే ఉంటుంది.

రెండోది, లెక్కలసారు చెప్పినదానికి సంబంధించింది. ఒక పనికి ఎంత టైం పడుతుందో అంచనా వేసేటప్పుడు, గతంలో ఎంత పట్టిందో తెలిసి కూడా, తక్కువే వేసుకుంటాం. కానెమన్, ట్వర్‌స్కీ అనే సైకాలజిస్టులు 1979లో దీని గురించి రాశారు. ఇది తెలివి తక్కువ కావడం వల్ల కాదు. పని ఎట్లా సాఫీగా జరుగుతుందో ఊహించుకుంటాం, అడ్డంకులను ఊహించుకోం.

ములుగు_టు_డల్లాస్
అందరికీ నమస్తే. పుట్టింది ములుగు, ఇప్పుడు టెక్సాస్‌లో ఉంటున్నాను. ఇక్కడ క్విల్టర్ల గిల్డ్‌లో, అంటే క్విల్టులు కుట్టేవాళ్ళ సంఘంలో, సభ్యురాలిని. నర్సంపేట అక్క చెప్పినది చదివి ఇక్కడివాళ్ళకు ఇంగ్లీషులో చెప్పాను, చాలాసేపు అదే మాట్లాడుకున్నాం.

ఎందుకంటే ఇక్కడి పాత పద్ధతి కూడా అదే. ఇక్కడ పూర్వం ఆడవాళ్ళు పైభాగాలు ఎవరింట్లో వాళ్ళు ఒంటరిగా కుట్టుకునేవాళ్ళు. క్విల్టింగ్ మాత్రం పదిమంది కలిసి చేసేవాళ్ళు. పెద్ద చెక్క ఫ్రేముకు మూడు పొరలు బిగించి, చుట్టూ కూర్చుని కుట్టి, భోజనాలు చేసి వెళ్ళేవాళ్ళు. దాన్నే క్విల్టింగ్ బీ అంటారు. ఫ్రేము పెద్దది కాబట్టి కొన్ని ఇళ్ళలో దాన్ని తాళ్ళతో పైకప్పుకు కట్టి, అవసరమైనప్పుడు కిందికి దించేవాళ్ళు. అంటే ఆగిపోయే చోట పదిమంది సాయం ఉండేది. ఇప్పుడు ఆ మొత్తం పని ఒక్క మనిషి, ఒక్క గదిలో, ఒక్క చిన్న మిషను మీద చేయాలి.

ఇంకొక కారణం మా గిల్డ్‌లో పెద్దవాళ్ళు చెప్తారు. ఒల్ఫా అనే జపాన్ కంపెనీ 1979లో రోటరీ కట్టర్, అంటే గుండ్రటి బ్లేడు తిరుగుతూ బట్ట కోసే పరికరం, తెచ్చింది. అంతకుముందు అట్టముక్క పెట్టి పెన్సిల్‌తో గీసి కత్తెరతో ఒక్కో ముక్క కత్తిరించేవాళ్ళు. రోటరీ కట్టర్ వచ్చాక నాలుగు పొరలు ఒకేసారి, పట్టీలు పట్టీలుగా కోసేస్తున్నారు. తర్వాత ముందే కోసిన ముక్కల కట్టలు అమ్మకానికి వచ్చాయి. మొదలుపెట్టడం ఇంత సులువైంది, ముగించడం మాత్రం పాత వేగంతోనే మిగిలింది. పెద్ద క్విల్టులు కుట్టే లాంగ్ ఆర్మ్ మిషను ఉన్నవాళ్ళకు డబ్బు కట్టి క్విల్టింగ్ చేయించుకోవచ్చు, నిజమే. కానీ అది కూడా ఖర్చే, వాళ్ళ దగ్గర వరుసలో నెలలు ఆగాలి.

కరీంనగర్_కుట్టుమిషను
చెల్లె చెప్పిన చిన్న మిషను సంగతి మన దగ్గర ఇంకా ఎక్కువ. ఇంట్లో ఉండే నల్ల మిషనుకు సూది నుంచి కుడి పక్క స్తంభం దాకా ఏడంగుళాల లోపే జాగా ఉంటుంది. 90 అంగుళాల క్విల్టు నడిమి భాగం కుట్టాలంటే సగం క్విల్టును, 45 అంగుళాల మూడు పొరల బట్టను చుట్టి ఆ సందులో దూర్చాలి. చేతులు నొస్తాయి, బరువుకు బట్ట వెనక్కి గుంజి కుట్లు చిన్నగా పడతాయి. డబుల్ కాట్ క్విల్టును ముక్కలుగా క్విల్టింగ్ చేసి చివర్లో కలపడం మంచిది. క్విల్ట్ యాజ్ యూ గో అంటారు. బ్లాకు, దూది, కింద బట్ట మూడూ పెట్టి ఒక్కో బ్లాకును అప్పటికప్పుడు పూర్తి చేయాలి. తర్వాత బ్లాకుల మధ్య పట్టీలు వేసి కలపాలి.

నర్సంపేట_బొంత
అన్నా, అంటే ఒక్కో బ్లాకు ఒక చిన్న బొంత అన్నట్టు.

కరీంనగర్_కుట్టుమిషను
అంతే చెల్లె.

కాజీపేట_క్వార్టర్స్
కర్ణాటకలో ఉత్తర కన్నడ జిల్లాలో ఆఫ్రికా మూలాలున్న సిద్ధీ స్త్రీలు కుట్టే కవంది బొంతలు ఒక ప్రదర్శనలో చూశాను. వాళ్ళు కూడా పైభాగం విడిగా తయారు చేయరు. చీర పరిచి, ఒక మూల నుంచి మొదలుపెట్టి, రంగురంగుల ముక్కలను మడిచి పెడుతూ అప్పటికప్పుడే అన్ని పొరలూ కలిపి కుట్టుకుంటూ లోపలికి పోతారు. చివర్లో నాలుగు మూలల మడతలు పెట్టిన చిన్న ముక్కలు కుడతారు, వాటిని ఫూల అంటారు. ప్యాచ్‌వర్క్ అందం కావాలి, బొంతలాంటి ఒకే పని కావాలి అనుకునేవాళ్ళకు ఇది మంచి దారి. నేను ఇప్పుడు చిన్న సైజులో మొదలుపెట్టాను, రోజూ కొంచెం ముందుకు పోతున్నది.

హుజూరాబాద్_కోడలు
చాలా రోజులుగా చదువుతున్నా, రాయలేదు. నాది మీరు చెప్పినవాటిలో ఎక్కడా ఆగలేదు. జాగా ఉంది, బ్యాటింగ్ ఉంది, కుట్టడం వచ్చు.

మా అమ్మ పోయాక ఆమె చీరలతో క్విల్టు మొదలుపెట్టాను. ఆమె రోజూ కట్టుకున్న నూలు చీరలు, రెండు సిద్దిపేట గొల్లభామ చీరలు. నూలువి కత్తిరించి బ్లాకులు చేశాను. గొల్లభామ చీరల దగ్గరికి వచ్చాక కత్తెర పెట్టబుద్ధి కాలేదు. ఇంట్లోవాళ్ళు ఎప్పుడు అయిపోతుందని అడుగుతారు. అయిపోతే ఇక అమ్మ చీరలతో నాకు చేసే పని ఉండదు. అది ఎవరికీ చెప్పలేకపోతున్నా.

నర్సంపేట_బొంత
వదినా, ఆ చీరలు కత్తిరించకండి. మా అమ్మమ్మ ఎవరైనా పోయినవాళ్ళ చీర తెస్తే దాన్ని ముక్కలు చేసేది కాదు, మొత్తం చీరనే పై పొరగా వేసేది. మీ బ్లాకులు ఒక వైపు, గొల్లభామ చీర మడిచి రెండో వైపు. చీర అయిదున్నర మీటర్లు ఉంటుంది, రెండు మడతలు వేసినా మనిషి పొడవు వస్తుంది. కానీ తొందర ఏమీ లేదు. ఎప్పుడు కుట్టాలనిపిస్తే అప్పుడే.

సుబేదారి_లెక్చరర్
హుజూరాబాద్ అమ్మా, నేను పైన చెప్పిన పరిశోధనలు మీకు వర్తించవు. మీరు ఆపింది మీకు అవసరం ఉండి. ఇంట్లోవాళ్ళు అడిగితే, ఇది గడువు ఉన్న పని కాదని ఒక్కసారి గట్టిగా చెప్పండి. తర్వాత అడగరు.

ములుగు_టు_డల్లాస్
అక్కా, పూర్తి కానివాటికీ విలువ ఉంటుందని చెప్పడానికి ఒక సంగతి రాస్తాను. ఇంగ్లండులో కాగితం ముక్కల చుట్టూ బట్ట మడిచి ప్యాచ్‌వర్క్ కుట్టే పద్ధతి ఉంది. మామూలుగా పని అయ్యాక కాగితాలు తీసేస్తారు. సగంలో ఆగినవాటిలో ఆ కాగితాలు అట్లాగే లోపల ఉండిపోతాయి. అవి పాత ఉత్తరాలు, పద్దు పుస్తకాల ముక్కలు, వార్తాపత్రికలు. వాటిని చదివే మ్యూజియంవాళ్ళు ఆ క్విల్టు ఏ కాలానిదో, ఎట్లాంటి ఇంటిదో తెలుసుకుంటున్నారు. ఒక కుటుంబం ఆపేసిన పని ఇప్పుడు చరిత్ర రాయడానికి పనికొస్తున్నది.

హుజూరాబాద్_కోడలు
అందరికీ కృతజ్ఞతలు. నర్సంపేట చెల్లె చెప్పినట్టు చీరను పూర్తిగా వేస్తాను. మా అమ్మ చెల్లెలు వచ్చే నెల వస్తుంది, ఆమెతో కూర్చుని కుడతాను.

లెక్కలసారు_జనగామ
ఒక విషయంలో నాకు వేరే అభిప్రాయం ఉంది, చెప్పనివ్వండి. అన్నీ పూర్తి చేయాలని లేదు. రంగులు ఇప్పుడు నచ్చనివి, ఏ పిల్లల కోసం మొదలుపెట్టామో వాళ్ళు పెద్దవాళ్ళయినవి కూడా పదేళ్ళు దాచుకుంటాం. అవి బీరువాలో ఉన్నంతకాలం కొత్తది కుట్టేటప్పుడు తప్పు చేస్తున్నట్టు ఉంటుంది. అట్లాంటి పైభాగాలను వేరేవాళ్ళకు ఇచ్చేయాలి. వాళ్ళు పూర్తి చేసుకుంటారు, లేదా సంచులు, దిండు గలీబులు చేసుకుంటారు.

పరకాల_వదిన
ఇవ్వడం నాకు ఒప్పుకోబుద్ధి కాదు సార్. కష్టపడి అతికినవి. కానీ మార్చుకోవడం అయితే సరే. నాకు పరచడం కష్టం, క్విల్టింగ్ ఇష్టం. ఎవరికైనా క్విల్టింగ్ కష్టమైతే వాళ్ళది నేను చేస్తా, నాది వాళ్ళు పరిచి టాకాలు వేయాలె.

హన్మకొండ_సూదీదారం
వదిన చెప్పినదే చేద్దాం. అందరి మాటలూ చదివాక నాకు ఒకటే అనిపిస్తున్నది: పరిచి టాకాలు వేసే పని ఒక్కరు చేయాల్సింది కాదు. మన పాత బొంతలోనూ, డల్లాస్ చెల్లె చెప్పిన ఫ్రేము దగ్గరా, ఆ పని ఎప్పుడూ ఒక్కరు చేయలేదు. మనం ఒంటరిగా చేయబోయి ఆపేస్తున్నాం.

మా కాలనీ కమ్యూనిటీ హాలు ఆదివారం పొద్దున దొరుకుతుంది. పొడవు టేబుళ్ళు ఉన్నాయి. రెండు కలిపి వేస్తే మోకాళ్ళ మీద కూర్చునే పని ఉండదు. హన్మకొండ, వరంగల్, కాజీపేట, పరకాల వైపువాళ్ళు పైభాగం అయిపోయినవి తెండి. ఒక్కోదానికి నలుగురం కూర్చుంటే పూట తిరిగేలోపు టాకాలు అయిపోతాయి. క్విల్టింగ్ ఎవరింట్లో వాళ్ళు చేసుకోవచ్చు. కరీంనగర్ అన్నా, వీలుంటే మీరు కూడా రావాలి.

కరీంనగర్_కుట్టుమిషను
వస్తాను అక్కా. రెండు పీవీసీ పైపులు కూడా తెస్తా, తొమ్మిది అడుగులవి. కింద బట్టను ఒకదానికి, పైభాగాన్ని ఒకదానికి చుట్టి, టేబులు మీద కొంచెం కొంచెం విప్పుతూ నడుమ దూది పెట్టి టాకాలు వేసుకుంటూ పోతే మొత్తం పరిచే అవసరమే ఉండదు. ఇంట్లో జాగా లేనివాళ్ళు తర్వాత ఒక్కరే ఉన్నా అట్లా చేసుకోవచ్చు.

కొత్తవాడ_మగ్గం
మా ఇంట్లో ఆడవాళ్ళకు పొడవు బట్ట సమానంగా బిగించడం చేతి విద్య. ఇద్దరిని పంపిస్తాను, కింద బట్ట గుంజి పట్టే పని వాళ్ళకు ఇవ్వండి.

కాజీపేట_క్వార్టర్స్
చాలా సంతోషం అన్నా. అక్కా, నాకు బ్యాటింగ్ ఇంకా దొరకలేదు, తెచ్చుకున్న షీటు వెడల్పు చాలదు. రెండు షీట్లు కలపొచ్చా? కలిపితే గీత కనిపిస్తుందా?

హన్మకొండ_సూదీదారం
కలపొచ్చు. ఒకదాని మీద ఒకటి ఎక్కించి కుట్టొద్దు, గట్టుగా తగులుతుంది. రెండు అంచులూ నాలుగంగుళాలు ఒకదాని మీద ఒకటి పెట్టి, నడుమ పాములాగా వంకరగా రెండూ కలిపి కత్తిరించండి. పక్కకు పడ్డ ముక్కలు తీసేస్తే రెండు అంచులూ సరిగ్గా ఒకదానిలో ఒకటి కూర్చుంటాయి. పెద్ద వంకర కుట్టుతో చేత్తో వదులుగా కలపండి, దారం గుంజొద్దు. కాటన్ బ్యాటింగ్ అయితే ఉతికినప్పుడు నూటికి మూడు నుంచి అయిదు వంతులు కుంచించుకుంటుంది, కాబట్టి రెండు షీట్లూ ఒకే రకంవి అయి ఉండాలి. ఒకటి కాటన్, ఒకటి పాలిస్టర్ కలపకండి.

పరకాల_వదిన
ఇంకా ఏమేం తేవాలె అక్కా?

హన్మకొండ_సూదీదారం
పొడవు సూదులు, తెల్ల దారం, కత్తెర, సేఫ్టీ పిన్నులు ఎన్ని ఉంటే అన్ని. కింద బట్ట నాలుగు వైపులా నాలుగేసి అంగుళాలు ఎక్కువ ఉందో లేదో ఇంటి దగ్గరే కొలుచుకోండి. పైభాగం, కింద బట్ట రెండూ ఇస్త్రీ చేసి, మడత పెట్టకుండా గొట్టంలాగా చుట్టి తెండి. ఎర్రవి, మెరూన్ రంగువి కొత్త బట్టలు ఉంటే ముందే ఒకసారి ఉతికి రంగు పోతుందేమో చూసుకోండి. తొమ్మిదింటికి హాలు తాళం తీస్తారు.